పాతబస్తీలో పేదల ఇంటి కోసం నిలబడ్డవాళ్లకు ఒక పేరు, ఒక కుర్చీ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,

2024 డిసెంబరు 9న సచివాలయం ఆవరణలో తెలంగాణ తల్లి విగ్రహం ఆవిష్కరించిన రోజున మీ ప్రభుత్వం ఒక మంచి ప్రకటన చేసింది. తెలంగాణ ఉద్యమానికి పాటగా, మాటగా నిలిచిన తొమ్మిది మందికి కోటి రూపాయల నగదు, తామ్రపత్రం, ఫ్యూచర్ సిటీలో 300 గజాల ఇంటి స్థలం ఇస్తామన్నది. గూడ అంజయ్య, గద్దర్ అప్పటికే కన్నుమూశారు. వాళ్లనూ ప్రభుత్వం మరవలేదు. అందెశ్రీ, గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ, జయరాజ్ పేర్లూ ఆ జాబితాలో ఉన్నాయి. ఒక మనిషి సమాజానికి చేసిన మేలుకు రాష్ట్రం ఇవ్వగల పెద్ద కానుకల్లో ఇంటి జాగా ఒకటని ఆ రోజు ప్రభుత్వమే చెప్పినట్టయింది.

ఇదే నగరంలో, చార్మినార్‌కు నాలుగు దిక్కులా, పరుల ఇంటి జాగా కోసం సొంత కూలిపని మానుకుని తిరిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం ఏ తామ్రపత్రమూ ఇంకా సిద్ధం కాలేదు. ఈ లేఖ వాళ్ల గురించి.

బస్తీలో వాళ్లను పేరు పెట్టి పిలవడం తక్కువ. కమిటీ పెద్ద అయితే సదర్ సాబ్ అంటారు. ఆడమనిషి అయితే ఆపా అనో, లీడరమ్మ అనో అంటారు. రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదన్నా, ఇంటి దరఖాస్తు మీసేవలో ఆగిపోయిందన్నా జనం ముందు తట్టేది వాళ్ల తలుపే. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, మంగళ, శుక్రవారాల్లో ప్రజాభవన్, మధ్యలో చార్మినార్, బహదూర్‌పురా, బండ్లగూడ తహసీల్దార్ కార్యాలయాలు. పదిహేను ఇళ్ల ఆధార్ జిరాక్సులు, కరెంటు బిల్లులు ఒకే సంచిలో పెట్టుకుని తిరిగే మనిషిని ఆ వరండాల్లో ఎవరైనా గుర్తుపడతారు. దరఖాస్తు తిరస్కరిస్తే ఎందుకు తిరస్కరించారో రాసివ్వమని అడిగేది ఆ మనిషే. జేసీబీ వచ్చిన ఉదయం ముందు నిలబడేదీ, ఆ రాత్రి పిల్లలకూ ముసలివాళ్లకూ ఎక్కడో ఒకచోట పడక చూపించేదీ ఆ మనిషే. ఈ పనికి జీతం లేదు, గుర్తింపు కార్డు లేదు, సెలవూ లేదు.

ఇలాంటి మనుషులు లేకపోతే పాతబస్తీ పేదవాడికి కాగితం అనేదే ఉండదు. కారణం ఇక్కడి భూమి చరిత్రలో ఉంది. ఒక గల్లీ సర్ఫ్-ఎ-ఖాస్ కింద, అంటే నిజాం సొంత భూమి కింద నమోదై ఉంటుంది. దాని పక్క గల్లీ వక్ఫ్ ఆస్తి. ఆ వెనక ఉన్నది సర్కారు భూమి, ఇంకా దిగువకు పోతే చెరువు శిఖం. రిజిస్ట్రేషన్ కాని చోట జనం స్టాంపు కాగితం మీద నోటరీ చేయించుకుని అరవై గజాలో, ఎనభై గజాలో కొనుక్కున్నారు. కొన్నవాడు మోసగాడు కాడు. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఇచ్చి కొన్నాడు. కానీ కొలతకు అధికారి వచ్చినప్పుడు ఆ కాగితం చెల్లదు.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియక కాదు. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు ఉత్తర్వు, అభ్యంతరం లేని ప్రభుత్వ స్థలంలో ఇల్లు కట్టుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరణ చేస్తామన్నది. 2023లో నోటరీ స్థలాలకూ అలాంటి అవకాశం ఇచ్చారు. ఉత్తర్వు ఇంటి గడప దాకా చేరాలంటే మధ్యలో దాన్ని చదివి చెప్పే మనిషి ఉండాలి. గడువు ఎప్పుడో, ఏ రుజువు జతచేయాలో, ఏ తేదీకి ముందు నుంచి ఉన్నట్టు చూపాలో ఉర్దూ మాట్లాడే ఇంట్లో ఉర్దూలో, తెలుగు మాట్లాడే ఇంట్లో తెలుగులో చెప్పాలి. ఆ పని చేసిన బస్తీల్లో పట్టాలు వచ్చాయి, చేసే మనిషి లేనిచోట గడువు దాటిపోయింది.

కాగితం లేని మనిషికి దొరికే జాగా ఎలాంటిదో 2020 అక్టోబరు వానలు చూపించాయి. గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ నీట మునిగింది. పల్లె చెరువు పొంగి మైలార్‌దేవ్‌పల్లి వైపు ఇళ్లలోని మనుషులే కొట్టుకుపోయారు. చెరువు దారిలో ఇల్లెందుకు కట్టుకున్నారని అడగడం తేలిక. నగరం లోపల పేదవాడు కొనగలిగిన గజం ఇంకెక్కడైనా ఉందా అన్నది దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. ఆ వారం రోజులూ నడుంలోతు నీళ్లలో అన్నం పొట్లాలు మోసినవాళ్లలో, నష్టపరిహారం జాబితాలు రాసినవాళ్లలో ఈ బస్తీ పెద్దలు ఎంతోమంది.

వరదా ఇల్లూ ఈ నగరంలో విడదీయలేని కథ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ నీటిలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకుని తానొక్కడే మిగిలాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పిలిపించగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఆ సంగతి బడి పుస్తకాల్లో ఉంది. బడి పుస్తకాల్లో అంతగా కనిపించని సంగతి మరొకటి ఉంది. వరద తర్వాత ప్లేగు కూడా నగరాన్ని పట్టింది. గాలీ వెలుతురూ లేని ఇరుకు వాడలే రోగానికి ఇల్లని గ్రహించి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. తర్వాత ఏడో నిజాం రెండో కుమారుడు మొజ్జం జా దానికి అధ్యక్షుడయ్యాడు. పత్తర్‌గట్టి రాతి తోరణాలు ఆ బోర్డు పనే. మల్లేపల్లి, రెడ్ హిల్స్, ఆజంపురా వైపు ఈనాటికీ చిరునామాల్లో వినిపించే సీఐబీ క్వార్టర్స్ కూడా ఆ బోర్డు పనే. ఆదాయాన్ని బట్టి తరగతులు చేసి, పేద కుటుంబాలకు సైతం తక్కువ కిరాయికి ఇళ్లు కట్టివ్వాలని వందేళ్ల కిందటే ఈ నగరపాలన అనుకున్నది. రాజరికం అయినా అనుకున్నది. అది గుర్తుంచుకోదగ్గ మాట.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 వరదలో దాని కొమ్మలు పట్టుకుని 150 మందికి పైగా బతికారు. ఏటా సెప్టెంబరు 28న ఫోరం ఫర్ ఎ బెటర్ హైదరాబాద్ వాళ్లు ఆ చెట్టు కింద కూడి కృతజ్ఞత చెబుతారు. చాలా మంచి సంప్రదాయం అది. మనుషులను కాపాడిన చెట్టును వందేళ్లయినా మరిచిపోని నగరం, మనుషుల ఇళ్లను కాపాడిన మనుషులకు కూడా ఏడాదికి ఒక రోజు ఇవ్వగలదు.

ఆ మనుషుల చరిత్ర చిన్నదేమీ కాదు. 1967లో హైదరాబాద్ నగరపాలక సంస్థ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పేరుతో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అప్పటి దాకా మురికివాడ అంటే తొలగించవలసిన చోటు. ఈ పథకం ఆ ఆలోచనను తిరగేసింది. ఉన్నచోటనే దారి, మోరీ, నల్లా, వీధి దీపం వచ్చేట్టు చేయాలి. ఏది ముందు కావాలో బస్తీవాళ్లే చెప్పాలి. వాళ్లలోంచే ముందుకొచ్చే మనుషులను కలుపుకుని పనిచేయాలి. మహిళా మండళ్లు, బాల్వాడీలు, కుట్టు శిక్షణ అలా మొదలయ్యాయి. తర్వాత యునిసెఫ్ చేయి కలిపింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మురికివాడల అభివృద్ధి పథకం దశలవారీగా నడిచింది. బ్యాంకు అప్పుతో, సొంత కష్టంతో జనం తమ గోడలు తాము లేపుకున్నారు. విలియం కజిన్స్, కేథరిన్ గోయ్డర్ 1979లో ఈ ప్రయోగం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఇతర నగరాల పాలకులు చదువుకున్న హైదరాబాద్ అది. కానీ ఆ ఇళ్లు లేచేందుకు వాడవాడా తిరిగి కుటుంబాలను ఒప్పించిన బస్తీ ఆడవాళ్ల పేర్లు నగరంలో ఏ గోడ మీద ఉన్నాయో వెతికితే దొరకడం కష్టం.

1990ల చివర్లో మూసీ ఒడ్డున నందనవనం పథకం వచ్చింది. నది వెంట తోటలు వేయాలంటే ఒడ్డున ఉన్న బస్తీలు కదలాలి. అప్పుడు ఛత్రీ అనే వేదిక, అంటే ఇంటి హక్కు కోసం, ఆ ఇంటి కింది భూమి హక్కు కోసం ఏర్పడ్డ ప్రచారోద్యమం, ఆ కుటుంబాల తరఫున మాట్లాడింది. మాంట్‌ఫోర్ట్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బ్రదర్ వర్గీస్ తెక్కనాథ్ దానికి ముందు నిలిచినవారిలో ఒకరు. కేరళ నుంచి వచ్చిన ఒక మత సేవకుడు హైదరాబాద్ బస్తీవాసుల ఇంటి హక్కు గురించి మాట్లాడటం, ఆ బస్తీల్లోని హిందూ ముస్లిం కుటుంబాలు ఆయనతో కలిసి నడవడం ఈ నగరానికే తగిన విషయం. అయినా కొన్ని బస్తీలను తొలగించారు. కుటుంబాలు కర్మన్‌ఘాట్ వైపు నందనవనం కాలనీకి చేరాయి. పని మాత్రం పాత చోటనే ఉండిపోయింది.

ఇంటి జాగా అడిగినందుకు ప్రాణాలే పోయిన చోటు కూడా తెలంగాణలో ఉంది. 2007 జూలై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో భూమి, ఇళ్ల స్థలాల కోసం బంద్ జరుగుతుండగా పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఆ మాట తలవకుండా పేదల ఇంటి గురించి తెలుగులో లేఖ రాయడం న్యాయం కాదు.

రాష్ట్రం వచ్చాక డబుల్ బెడ్‌రూం ఇల్లు అనే మాట పాతబస్తీలో చిన్నపిల్లల నోట కూడా వినిపించింది. 560 చదరపు అడుగులు, రెండు పడక గదులు, హాలు, వంటిల్లు, లబ్ధిదారు మీద పైసా భారం లేదు. 2015 నవంబరులో సికింద్రాబాద్ బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లతో పథకం మొదటిసారి కంటికి కనిపించింది. పాతబస్తీ అంచున చంచల్‌గూడ దగ్గర పిల్లిగుడిసెలు బస్తీలో గుడిసెలు ఉన్నచోటే 288 ఇళ్లు లేచాయి. 2021 ఆగస్టు 28న వాటిని ప్రారంభించారు. ఉన్నచోటే కట్టడం వల్ల వచ్చిన మేలు కొలవడానికి ఏ సర్వేనూ తిరగేయక్కరలేదు. అక్కడి మనిషి పొద్దున లేచి అదే మార్కెట్‌కు పోతాడు, పిల్ల అదే బడికి పోతుంది, జ్వరమొస్తే తెలిసిన డాక్టరు దగ్గరికే వెళ్తారు.

నగరంలో అతిపెద్ద కాలనీ మాత్రం కొల్లూరులో వచ్చింది. 15,660 ఇళ్లు. 2023 జూన్‌లో ప్రారంభించారు. కట్టుబడి చూసి మెచ్చుకోనివారు లేరు. చార్మినార్ నుంచి రోడ్డు మీద ముప్పై కిలోమీటర్లకు పైనే. పాతబస్తీ ఆడవాళ్లలో ఎంతోమంది ఇంట్లోనే కూర్చుని సంపాదిస్తారు. జర్దోజీ చట్రం మీద చీర అంచు కుడతారు, అగరుబత్తీలు చుడతారు, గాజులకు రాళ్లు అద్దుతారు. 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిన హైదరాబాద్ లక్క గాజులు ఈ ఇరుకు గదుల్లో, కుంపటి పక్కన రూపుదిద్దుకుంటాయి. ఆ సరుకు పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకుపోయే సేఠ్ లాడ్ బజార్‌లో ఉంటాడు. ఇల్లు ముప్పై కిలోమీటర్లు జరిగితే సేఠ్ అక్కడిదాకా రాడు. ఇల్లు చేతికొచ్చాక కూలి పోయిందంటే ఆ కుటుంబం మళ్లీ పాత గల్లీలో కిరాయి గది వెతుక్కుంటుంది. ఈ లెక్క మొదటి రోజునే చెప్పగలిగేది బస్తీ కమిటీ ఆపాయే. ఆమెను ఏ సమావేశానికీ పిలవకపోవడం వల్ల ఆ లెక్క ఎవరికీ అందలేదు.

ముఖ్యమంత్రి గారూ, మూసీ పునరుజ్జీవన పథకం మీ ప్రభుత్వానికి చాలా దగ్గరి విషయం. 2024 సెప్టెంబరు చివర్లో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నది గర్భంలో ఉన్న ఇల్లని, గుర్తులు పెట్టారు. ఆ తర్వాత కొన్ని రోజులకే కొందరు సామాన్లు సర్దుకుని పిల్లిగుడిసెల ఇళ్లకు మారారు. మిగతావాళ్లు మేం కదలం అన్నారు. అక్టోబరులో నిర్వాసితుల జీవనోపాధి కోసం అధికారులు, స్వచ్ఛంద సంస్థలతో మీ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అది సరైన అడుగు. ఇల్లు ఒక్కటే సరిపోదని ప్రభుత్వమే ఒప్పుకున్న అడుగు. ఏడాది తిరక్కుండానే, 2025 సెప్టెంబరు 26, 27 తేదీల్లో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్లు వచ్చాయి. మూసానగర్ మళ్లీ మునిగింది.

కాబట్టి నది గర్భంలో ఎవరూ ఉండకూడదన్న మాటలో తప్పు లేదు. అక్కడ ఉండాలని సరదాపడేవాళ్లూ లేరు. బస్తీ పెద్దలు అడిగినవి మూడే మాటలు: ముందు ఇల్లు చూపండి, పనికి దగ్గరలో చూపండి, కిరాయికి ఉన్నవాడిని కూడా లెక్కలో వేయండి. ఈ మూడో మాట మీద ఒక్క నిమిషం ఆగాలి. ఎర్ర గుర్తు పడ్డ ఇంట్లో యజమాని ఒకడు, కిరాయిదార్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఇంటికి బదులు ఇల్లు యజమానికి వస్తుంది. కిరాయికి ఉన్నవాడి దగ్గర రాతపూర్వకంగా ఏ ఒప్పందమూ ఉండదు, ఉన్నదల్లా నెలనెలా చేతికిచ్చిన కిరాయి. అతను అక్కడ ఎన్నేళ్లు ఉన్నాడో ఏ కంప్యూటరుకూ తెలియదు. బస్తీ సదర్‌కు తెలుసు, ఎదురింటి ముసలమ్మకు తెలుసు. వాళ్ల మాటకు ప్రభుత్వ కాగితంలో విలువ ఇవ్వడమే వాళ్లకు చేయగల మొదటి సన్మానం.

బస్తీ లీడరు అనగానే కొందరు అధికారులకు దళారి గుర్తొస్తాడు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. ఇల్లు ఇప్పిస్తానని పేదల దగ్గర వేలకు వేలు గుంజినవాళ్లు ఉన్నారు. ఎన్నికలకు ఎన్నికలకు జెండా మార్చినవాళ్లు, ఖాళీ జాగాకు తామే గోడ కట్టి తర్వాత అమ్ముకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లవల్ల ముందుగా నష్టపోయింది నిజాయితీగా తిరిగినవాళ్లే. అందుకే ఎవరిని గౌరవించాలో ఎమ్మెల్యే సిఫారసుతోనో, పార్టీ ఆఫీసు చిట్టాతోనో తేల్చకూడదు. బస్తీ సభ పెట్టి, అందులో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లు ఉండేట్టు చూసి, మీ ఇంటి కోసం ఎవరు తిరిగారు, మీ దగ్గర పైసా అడగనిది ఎవరు అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. ఏ గల్లీలోనైనా జవాబు క్షణాల్లో వస్తుంది. పాతబస్తీలో రహస్యాలు దాచడం కష్టం.

ఇంతకు ముందు దేశంలో ఇలాంటి గౌరవం జరగలేదా అంటే జరిగింది. జాకిన్ అర్పుతం కోలారు బంగారు గనుల ఊళ్లో పుట్టి, బతుకుదెరువుకు బొంబాయి చేరి, మాన్‌ఖుర్ద్ దగ్గర జనతా కాలనీలో ఉన్నాడు. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లకు ఆ స్థలం కావలసివచ్చింది. కాలనీని నిలబెట్టుకునేందుకు ఏళ్ల తరబడి పోరాడాడు. ఎమర్జెన్సీలో, 1976లో, కాలనీని కూల్చి జనాన్ని చీతా క్యాంపుకు తరలించారు. ఓడిపోయిన ఆ పోరాటం నుంచే జాతీయ మురికివాడల వాసుల సమాఖ్య ఎదిగింది. 2000లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2011లో ఆయనకూ, ఆయన సంస్థతో కలిసి పనిచేసిన స్పార్క్ సంస్థకు చెందిన షీలా పటేల్‌కూ భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఒకనాడు కాలనీ కూల్చిన ప్రభుత్వమే తర్వాత ఆ కాలనీ నాయకుడిని రాష్ట్రపతి భవన్‌కు పిలిచి గౌరవించింది. ప్రభుత్వానికి దానివల్ల చిన్నతనం రాలేదు.

ఒడిశా ఇంకో అడుగు ముందుకు వేసింది. 2017లో మురికివాడల వాసులకు భూమి హక్కు ఇచ్చే చట్టం చేసింది. డ్రోన్లతో కొలిచారు. కొలిచిన పటాన్ని మళ్లీ బస్తీ సంఘం చేతికిచ్చి సరిచూడమన్నారు. ఎవరి ఇల్లు ఎక్కడిదాకా అన్నది ఇరుగుపొరుగు కూర్చుని తేల్చుకున్నారు. జగా మిషన్ అని పిలిచే ఈ పనికి 2019లో ప్రపంచ ఆవాస పురస్కారం దక్కింది. అక్కడ బస్తీ సంఘానికి దక్కిన అసలైన మర్యాద ఆ పటమే. అధికారి గీసిన గీత తప్పని చెప్పే హక్కు, చెబితే సరిదిద్దే పద్ధతి వాళ్లకు దొరికాయి.

హైదరాబాద్‌లో ఏం చేయవచ్చు? మొదటిది పేరు. గృహ సముదాయం ప్రారంభించిన ప్రతిసారీ శిలాఫలకం వేస్తారు. ముఖ్యమంత్రి, మంత్రులు, పార్లమెంటు సభ్యుడు, శాసనసభ్యుడు, కార్పొరేటర్ పేర్లు వరుసగా చెక్కుతారు. కొల్లూరు కాలనీకి ఏకంగా అప్పటి ముఖ్యమంత్రి పేరే పెట్టారు. ఆ ఫలకాలను తీసెయ్యమని ఎవరూ అడగడం లేదు. పక్కన ఇంకో రాయి పెట్టండి. ఆ బస్తీ కోసం తిరిగినవాళ్ల పేర్లు, బస్తీ సభ చెప్పిన పేర్లు, తెలుగులో, ఉర్దూలో చెక్కించండి. పోయినవాళ్లవీ చెక్కించండి. ఇల్లు రాకముందే కన్నుమూసిన బస్తీ పెద్దలు ప్రతి గల్లీలో ఉన్నారు. పిల్లిగుడిసెలతో మొదలుపెట్టవచ్చు. ఖర్చు ఒక రాయి, ఒక చెక్కుడు పనివాడి కూలి. నగరపాలక సంస్థలో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం ఇప్పటికీ ఉంది. 1967 నుంచి బస్తీల్లో పనిచేసినవాళ్ల వివరాలు, ఫొటోలు, జ్ఞాపకాలు వాళ్ల బతికున్న సహచరుల నుంచి రాబట్టి భద్రపరిచే బాధ్యత ఆ విభాగానికే ఇవ్వవచ్చు. ఆ తరం వాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఈ ఒక్క పని వాయిదా వేయడానికి వీల్లేనిది.

రెండోది కుర్చీ. ఇది పేరు కన్నా ముఖ్యం. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో దిగి పంపిస్తే ఆ మనిషి మరుసటి సోమవారం మళ్లీ అదే తహసీల్దార్ వరండాలో నిలబడాలి. అలాంటి సన్మానం చేయకపోయినా ఫరవాలేదు. ఇళ్ల కేటాయింపు, మూసీ పునరావాసం, పాతబస్తీ మెట్రో దారి విస్తరణ, ఈ మూడింటిలో ఎక్కడ ఇళ్లు కదులుతున్నా, నిర్ణయం తీసుకునే కమిటీలో ఆ బస్తీ నుంచి సభ ఎన్నుకున్న ఇద్దరికి ఓటు హక్కుతో చోటివ్వండి. వాళ్లలో ఒకరు తప్పక మహిళ కావాలి. రోజు కూలి పోతుంది కాబట్టి సిట్టింగ్ ఫీజు ఇవ్వండి. పెద్ద పెద్ద కన్సల్టెన్సీలకు ఇచ్చే సొమ్ము ముందు అది లెక్కలోకే రాదు. 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ ఉండాలని చెబుతోంది. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు బతుకుదెరువు హక్కు జీవించే హక్కులో భాగమన్నది. కుర్చీ అడగడంలో కొత్త కోరిక ఏదీ లేదు. చట్టంలో ఉన్న మాటకు మనిషిని జతచేయడమే.

ఇప్పుడు అమలవుతున్న ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షల రూపాయలు ఇస్తోంది. పల్లెల్లో అది చాలామందికి నప్పింది. పాతబస్తీలో చాలామందికి సొంత జాగానే లేదు. హైదరాబాద్‌లో డబుల్ బెడ్‌రూం ఇళ్ల కోసం అప్పట్లో ఏడు లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, కడతామన్నవి లక్ష ఇళ్లు. ఆ తేడాలో ఉన్న కుటుంబాలు ఇంకా కిరాయి గదుల్లోనే ఉన్నాయి. నగరం లోపల జాగా ఎక్కడుంది, ఏ పాత ప్రభుత్వ భవనం ఖాళీగా ఉంది, ఏ బస్తీలో మూడంతస్తులు లేపితే ఎవరూ కదలకుండా అందరికీ సరిపోతుంది అన్న వివరం బస్తీ కమిటీల నోట్‌బుక్కుల్లో ఉంది. అడిగితే ఇస్తారు. అడిగినవాళ్లు లేక అవి నోట్‌బుక్కుల్లోనే ఉండిపోయాయి.

ఛత్రీ నుంచి ఇటీవలి మూసీ జన్ ఆందోళన్ అనే వేదిక దాకా ప్రభుత్వాలతో గొడవపడినవాళ్లను ప్రభుత్వమే ఎలా గౌరవిస్తుందని మీ సలహాదారులు అడగవచ్చు. 2024 డిసెంబరు 9న మీరు గౌరవించిన తొమ్మిది మందిలో గద్దర్ ఉన్నారు. ఏ ప్రభుత్వాన్ని ఆయన ప్రశ్నించకుండా వదిలారు? ప్రశ్నించినవాడిని గౌరవించే పెద్దమనసు మీ ప్రభుత్వానికి ఉందని ఆ రోజే తేలిపోయింది.

ఐక్యరాజ్యసమితి పిలుపు మీద ఏటా అక్టోబరు మొదటి సోమవారం ప్రపంచ ఆవాస దినం జరుగుతుంది. సోమవారం కాబట్టి కలెక్టరేట్‌లో ప్రజావాణి రోజు కూడా అదే. రాబోయే ఆ సోమవారం లోపు పాతబస్తీలో బస్తీ సభలు పూర్తిచేయించండి. పిల్లిగుడిసెల్లో మొదటి రాయి నిలబెట్టండి. పునరావాస కమిటీల్లో ఇద్దరేసి బస్తీ ప్రతినిధులకు చోటిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు ఇవ్వండి. పురపాలక శాఖ మీ చేతిలోనే ఉంది కాబట్టి ఈ ఉత్తర్వుకు మీ సంతకం చాలు.